తొట్లు నిండిన రోజు

సూపర్‌వైజర్ మీట కిందికి లాగేశాడు. తొట్టిలో పలకల చుట్టూ లేస్తున్న బుడగలు ఆగిపోయాయి. అది పాత బ్యాటరీల నుంచి వంచిన యాసిడ్. కరెంటు పూర్తిగా పారితే అందులో కలిసిన సీసమూ రాగీ పలకలకు అంటుకుంటాయి. యాసిడ్ తేటపడి మళ్లీ కొత్త బ్యాటరీలకు పనికొస్తుంది. సగంలో ఆపితే దేనికీ కొరగాదు. కొరగాని ఆ యాసిడ్‌ను వాడు వాల్వు తిప్పి కాలువలోకి వదిలేశాడు. ఆ కాలువ కూలీల ఇళ్ల వెనక బావిని ఒరుసుకుంటూ పోతుంది.

వదిన చూస్తూ నిలబడింది. షెడ్డులో అందరికీ ఆమె వదినే. ఆ బావి నీళ్లతో గిన్నెలు తోమి తోమి తోటికోడలి చేతులు పొరలు పొరలుగా ఊడుతున్నాయి. పొద్దున్నే చూసి వచ్చింది.

"ఇంకా నల్లగానే ఉంది కదయ్యా, అప్పుడే వదిలేశావేం?"

"కరెంటు మీ బాబు ఇస్తాడా? ఓనరు ఆపమన్నాడు, ఆపాను. నీ పని చూసుకో."

అన్నాల దగ్గర షెడ్డంతా ఉడికిపోయింది.

"ఇప్పుడే పని ఆపేద్దాం!" అన్నాడు పలకలు గీకే బండోడు.

"పోయినసారి ఆపి ఏం పీకాం?" అన్నాడు కరెంటు పని చూసే మావయ్య. "అప్పుడు తొట్లు ఖాళీ. ఓనరు గేటుకి తాళమేసి హాయిగా పడుకున్నాడు. మాడింది మన కడుపులే."

వదిన ఒకప్పుడు తోపుడుబండి మీద పాతసామాన్లు కొని అమ్మిన మనిషి. ఎదుటివాడి అవసరం ముదిరాకే నోరు విప్పడం ఆమెకు అలవాటు.

"తప్పు అక్కడే జరిగింది మావయ్యా. వాడికి పని లేనప్పుడు మనం అలిగాం. ఎవడికి పట్టింది? ఈసారి ఒళ్లొంచి పని చేద్దాం. ప్రతి తొట్టీ అంచుదాకా నింపుదాం. అప్పుడు కూర్చుందాం, వాల్వు ముందు."

"అమ్మో వదినా! నీతో బేరమాడినవాడు బాగుపడ్డాడా?" అన్నాడు బండోడు.

"వాడి బాగు మనకెందుకురా? మన బావి బాగుండాలి."

ఆ వారం వాళ్ల జోరు చూసి సూపర్‌వైజర్ మురిసిపోయాడు. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది మీకు" అన్నాడు. ఓనరు ఇంకా ఆశపడి మరిన్ని లారీలు రప్పించాడు. తొట్లన్నీ నిండాయి. సూపర్‌వైజర్ ఎప్పటిలాగే సగంలో మీట దించి వాల్వు దగ్గరికి వెళ్లేసరికి షెడ్డు మొత్తం దాని చుట్టూ బాసింపట్లు వేసుకుని కూర్చుంది.

"లేవండి!"

"కరెంటు వెయ్యి. తేటపడ్డాక లేస్తాం."

ఓనరు పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు. "ఎవరిక్కడ పెద్ద?" అంటూనే వదిన జబ్బ పట్టి లాగారు. మావయ్య అడ్డం పడ్డాడు, లాఠీ దెబ్బ భుజం మీద తిన్నాడు, జరిగి ఆమె చోట్లోనే కూర్చున్నాడు. ఇళ్ల నుంచి తోటికోడలు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చి పక్కన చేరింది.

వదినను వ్యానెక్కించారు. "పోనీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎటు పోనివ్వమంటారు సార్?" అన్నాడు డ్రైవరు.

గేటు బయట సందు పొడుగునా బ్యాటరీల లారీలు. ఓనరు వెనక్కి తియ్యమని అరిచాడు.

"సరుకు దించుకోకుండా ఎలా తియ్యమంటారు?" అన్నాడు ముందు లారీవాడు. "అయినా తీద్దామంటే నా వెనక ఇంకెన్ని ఉన్నాయో చూడండి."

దించాలంటే తొట్లు ఖాళీ కావాలి. ఇన్‌స్పెక్టర్ ఓనరు వైపు చూశాడు. ఓనరు వాల్వు వైపు చూశాడు. అక్కడ ఒక్కరూ కదల్లేదు.

వ్యాను కిటికీలోంచి వదిన పిలిచింది. "మీట ఎత్తించండయ్యా. మాకేం తొందర లేదు."