ముందు మూట ఎయ్యి

గిరిధర్ రైలు దిగబోయి పడి చచ్చిపోలేదట, చచ్చిపోవడానికే రైల్లోంచి దూకాడట. పరిహారం కేసులో రైల్వే తరఫు వకీలు ట్రిబ్యునల్‌కు రాసిచ్చిన జవాబులో ఉన్న మాట అది. అది చదివి వినిపించిన రోజు నుంచి ఆయన తల్లి కృష్ణమ్మ అన్నం మానేసిందని చెబితే అబద్ధమవుతుంది. తింటూనే ఉంది గానీ ఏం తింటోందో ఆమెకే తెలియలేదు.

"నా కొడుకు చచ్చే రకమా? మూడు పట్టుచీరలు చంకలో పెట్టుకోని ఎవడన్నా సావను పోతాడా?" అని ధర్మవరంలో తమ వీధిలో ఇంటింటికీ వెళ్లి అడిగింది. వీధి ఏం చెబుతుంది? నేతగాళ్ల వీధికి అలాంటి చావులు కొత్త కాదు. అందరూ అయ్యో పాపం అన్నారు, మనసులో మాత్రం వకీలు మాటే నమ్మారు.

నిజం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అది ఆమె కోడలు మంజులత. రెండేళ్లుగా ఆ నిజాన్ని కడుపులో పెట్టుకుని, అత్త పక్కనే కూర్చుని దారం కండెలు చుడుతోంది.

కోడలంటే బయటి పిల్ల కాదు, కృష్ణమ్మకు సొంత అన్న కూతురు. చిన్నప్పుడు ఆమె చంకనెక్కి ఊరంతా తిరిగింది. పెళ్లయ్యాక బావ మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే పక్కన చేరి పట్టుదారం అందించేది. బావ పోయాక ఆ గుంత మీద చెక్కలు పరిచేశారు. అత్తాకోడళ్లిద్దరూ ఇప్పుడు పక్కింటి మగ్గాలకు కండెలు చుట్టి బతుకుతున్నారు. అదీ ఎన్నాళ్లు సాగుతుందో తెలియదు. కృష్ణమ్మకు చూపు మందగిస్తోంది, పట్టుపోగు తెగితే వెతికి అతికించడం ఆమె వల్ల కావడం లేదు.

రెండేళ్ల కిందట మాఘమాసంలో గిరిధర్ మూడు చీరలు పట్టుకుని హిందూపురం వెళ్లాడు. రంగు బాగలేదని షాపువాళ్లు తిప్పి పంపారు. ఉసూరుమంటూ ధర్మవరానికి టికెట్టు తీసుకుని మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. అదే సమయానికి ఇంట్లో మంజులతకు పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. అంతకుముందు ఒకసారి వీళ్ల దగ్గర చీర కొన్న ఇల్లే. కూతురు హరిత పెళ్లి తెల్లవారితే ఉంది, ముహూర్తం చీర మీద దీపంలో నూనె ఒలికింది, ఏదైనా నేసిన చీర ఉంటే వెంటనే పంపమని తల్లి ఏడ్చినంత పని చేసింది. మంజులత పొంగిపోయింది. షాపువాడు వద్దన్న చీరకు పెళ్లిపీటల మీద చోటు దొరికితే అంతకన్నా ఏం కావాలి? పంపిస్తానని చెప్పి, వెంటనే మొగుడికి ఫోన్ కలిపింది.

"బావా, యాడున్నావు?"

"రైల్లో. హిందూపురం దాటినాం. ఏం?"

"పెనుకొండలో దిగు. హరిత వాళ్లకు చీర కావాలంట. పొద్దున్నే పెండ్లి."

"ఈ బండి ఆడ ఆగదు కదే. ధర్మవరం వచ్చి మళ్లా బస్సుకు పోతాలే."

"నువ్వు వచ్చి పొయ్యేలోగా వాళ్లు ఇంకో చీర కొనుక్కుంటారు. స్టేషన్ ముందర నిదానమైతాది గదా, అందురూ దిగుతారు. ముందు మూట ఎయ్యి, ఆమీట దిగు."

"సరేలే" అన్నాడు. గిరిధర్ ఆమెతో అన్న చివరి మాట అదే.

ముందు మూట, తర్వాత మనిషి. ఆ వీధిలో ప్రతి ఇంట్లో ఉన్న పద్ధతే అది. చీర మీద గ్రీజు మచ్చ పడితే నెల రోజుల కష్టం బూడిదలో పోసినట్టే, మోకాలు కొట్టుకుపోతే పసుపు పెట్టుకుంటే సరి అని వాళ్ల నమ్మకం. కదిలే బండి దిగేటప్పుడు వేగం చూసుకుని తలుపు కమ్మీ పట్టుకోవాలన్నది ఆ తర్వాతి మాట. గిరిధర్ తలుపు దగ్గర నిలబడి, మూటను మంచి నేల చూసి విసిరాడు. విసిరే ఆ రెండు క్షణాల్లోనే సిగ్నల్ పడి బండి వేగం అందుకుంది. మూట పోయింది, ఇక మనిషి ఆగుతాడా? దిగాడు.

పోలీసులు రాసుకున్న కాగితాల్లో అన్నీ ఉన్నాయి. జేబులో ధర్మవరానికి టికెట్టు దొరికింది. ఫోన్ చక్రం కింద పడి నుజ్జయింది. శవానికి నలభై గజాల వెనక పట్టాల పక్కన తెల్లగుడ్డ మూట, అందులో మూడు చీరలు, ఒక్క మచ్చ కూడా లేదు.

"ఆగని బండి నుంచి పెనుకొండలో ఎందుకు దిగినాడమ్మా?" అని ఎస్సై అడిగాడు.

"తెలీదు సార్" అంది మంజులత.

ఆ మొదటి అబద్ధం భయంతో దానంతటదే వచ్చింది. తర్వాత అందరికీ అదే చెప్పాల్సి వచ్చింది. అత్త అడిగినా తెలీదు, వీధి అడిగినా తెలీదు. పెళ్లింటివాళ్లు కూడా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. శుభమా అని పెళ్లి చేసుకుంటూ, ఆ మనిషి తమ చీర కోసమే పోయాడని ఎవరు చెప్పుకుంటారు?

వీళ్ల తరఫు ధర్మవరం వకీలు వేణుగోపాల్ మంచివాడే. చట్టం సంగతి అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు.

"కదిలే బండి దిగడం తప్పే. కానీ ఆ తప్పు చేసినా పరిహారం ఇవ్వాల్సిందే. చావాలని దూకితేనే ఇవ్వరు. వాళ్లు పట్టుకున్నది అదే. పెనుకొండలో ఆయనకు ఏం పని ఉండిందో చెప్పండి, చాలు."

కృష్ణమ్మ కోడలి వైపు తిరిగింది. "నీకు చెప్పకుండా వాడు యాడికీ పోడు కదే. గుర్తు చేసుకోవే మంజూ."

మంజులత తల అడ్డంగా ఊపింది. ఆ రోజు తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది ఆమెకు.

ట్రిబ్యునల్ వాయిదాకు ఇద్దరూ వేణుగోపాల్ వెంట బెంగుళూరు వెళ్లారు. రైల్వే వకీలు అరిచే మనిషి కాదు. తెలుగు వచ్చినవాడే, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదే మంజులతను ఎక్కువ భయపెట్టింది.

"ఆ రోజు మీ ఆయన చీరలు షాపులో వద్దన్నారు కదమ్మా?"

"అన్నారు సార్."

"అప్పులున్నాయా?"

"ఏ నేతగాడికి లేవు సార్?"

"ఆయన టికెట్టు ధర్మవరానికి. పెనుకొండలో బండి ఆగదు. అక్కడ ఆయనకు పని ఉందని మీరు కూడా చెప్పడం లేదు. మూట మాత్రం మట్టి అంటకుండా పక్కన పడేశాడు. బావిలో దూకేవాళ్లు చెప్పులు గట్టు మీద విడిచి దూకుతారు. ఇదీ అంతే కదమ్మా?"

వెనక బెంచీ మీద కృష్ణమ్మ లేచి నిలబడింది. "లేదు సామీ! నా బిడ్డ అట్లాటోడు కాదు సామీ!" అని రెండు చేతులూ జోడించింది. కూర్చోమని బంట్రోతు చెప్పినా కూర్చోలేదు. అలాగే చేతులు జోడించి, వకీలుకు ఒకసారి, జడ్జిగారికి ఒకసారి, గోడకు ఒకసారి మొక్కుతూనే ఉంది.

మంజులత అటు చూసింది. ఇంకొక్కసారి తెలీదు అంటే ఈ ముసలామె కొడుకును పిరికివాడిగా తలుచుకుంటూ చావాలి. తెలుసు అంటే తనను తలుచుకుంటూ బతకాలి. మంజులత కళ్లు తుడుచుకుంది.

"నేను దిగమంటేనే దిగినాడు సార్" అంది.

ఫోన్ వచ్చిన దగ్గర నుంచి మొత్తం చెప్పింది. హరిత పేరు చెప్పింది, నూనె ఒలికిన చీర సంగతి చెప్పింది. బస్సులో పోతానని బావ అంటే వద్దన్నది తానేనని చెప్పింది. "ముందు మూట ఎయ్యమన్న్యా సార్. మూట ఎయ్యకుండా ఉంటే బండి జోరు చూసి దిగకుండా ఆగేటోడు. వాడు సావను దిగలేదు. నా మాట ఇని దిగినాడు." బావను వాడు అన్నానన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

"ఈ మాట రెండేళ్లు ఎందుకు దాచావు?" జడ్జిగారు అడిగారు.

"మా అత్త నా పక్కనే ఉంటాది సార్. అందుకే."

బయటికి వచ్చాక వేణుగోపాల్ మొహం వెలిగిపోయింది. ఫోన్ కంపెనీ నుంచి ఆ రోజు కాల్ వివరాలు తెప్పిస్తానన్నాడు, హరిత తల్లిని సాక్షిగా పిలిపిస్తానన్నాడు. "ఇంక ఆత్మహత్య అనలేరమ్మా. కేసు నిలబడింది" అన్నాడు. తనకు వేరే పని ఉందని ఇద్దరినీ మధ్యాహ్నం బండి ఎక్కించి వెళ్లిపోయాడు.

బండిలో కృష్ణమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మంజులత నీళ్ల సీసా ఇస్తే తీసుకుంది, తాగకుండా ఒళ్లో పెట్టుకుంది. తిట్టినా, జుట్టు పట్టుకుని కొట్టినా మంజులతకు అంత భయం ఉండేది కాదు. హిందూపురం వచ్చింది, పోయింది. పెనుకొండ కొండ కనపడగానే కృష్ణమ్మ కొంగు మొహాన కప్పుకుంది. బండి ఆ స్టేషన్‌లో ఆగకుండా దాటిపోయింది.

పొద్దు వాలే వేళకు ధర్మవరం దగ్గరపడింది. ప్లాట్‌ఫారం ఇంకా రాకముందే బండి నెమ్మదించింది, తలుపు దగ్గర గుంపు చేరింది. తమ వీధికి అక్కడి నుంచే దగ్గర. ఎవరో ఒకాయన తెల్లగుడ్డ మూట కిందికి విసిరి, వెనకే దిగిపోయాడు. అతని వెనక ఇంకొకడు దిగాడు. మంజులత కూడా చేతిసంచి తీసుకుని లేచింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలాగే దిగిన మనిషి, కాళ్లు వాటంతటవే తలుపు వైపు నడిచాయి.

వెనక నుంచి ఆమె మణికట్టు ఎవరో పట్టుకున్నారు. కృష్ణమ్మ. కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన వేళ్లు, విడిపించుకోలేనంత గట్టిగా ఉన్నాయి.

"బండి నిలబడనీ" అంది కృష్ణమ్మ.

మంజులత మళ్లీ కూర్చుంది. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, కీచుమని, పూర్తిగా ఆగింది. బోగీ ఖాళీ అయింది. కృష్ణమ్మ లేవలేదు, చెయ్యి వదల్లేదు. మసకబారిన కళ్లతో కోడలి మొహాన్ని వెతుక్కుంటూ చూసింది.

"ఈ ఒక్క మాట ఆ పొద్దు వానితో ఎందుకు అనలేదే?"