ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా

ఈ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది నేనే. నలభై ఏళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి నా కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. గడియారాలే నన్ను చూసి టైము సరిచేసుకున్న రోజులున్నాయి. ఇక కరెంటు సంగతంటారా, మా ఊరికి అది వచ్చిన కొత్తలో మా పెద్దతాత బల్బుని ఊది ఆర్పబోయి, ఆరకపోయేసరికి పంతం పట్టి, ఉన్న ఊపిరంతా దానిమీదే ఖర్చుపెట్టి మూడు రోజులు మాట పడిపోయి కూర్చున్నాడు. అంత అనుభవం ఉన్న వంశం మాది. కాబట్టి మా కోడలి కరెంటు కథ చెప్పే అర్హత నాకు కాక ఇంకెవరికి ఉంటుంది?

ఆ రోజు ఆమె మా వాడి చొక్కాకి గుండీ కుడుతోంది. మేడ మీద సోలారు పలకలు పెట్టించాలని మా వాడికి ఏడాదిగా ఒకటే ఆశ. వాటిని బిగించే మనిషి వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. ఎన్ని పలకలు కావాలో చెప్పాలంటే ఏడాది పొడుగునా ఈ ఇల్లు ఏ అరగంటలో ఎంత కరెంటు వాడిందో చూడాలట. కొత్త మీటరు అదంతా దాచి ఉంచుతుందట. కరెంటాఫీసు వాళ్లు ఆ లెక్క ఇతనికి ఇవ్వాలంటే, మీటరు ఎవరి పేరున ఉందో వాళ్లు సంతకం పెట్టాలి.

మా వాడు పెన్ను తెరిచాడు. ఆ మనిషి కాగితం కోడలి వైపు జరిపాడు. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో మా వాడికి సెలవు దొరక్క, కరెంటాఫీసులో రెండు రోజులు వరసలో నిలబడింది కోడలే. అలా ఆమె పేరు పడింది. అప్పటినుంచీ మా వాడికి అదొక జోకు: "పేరూ నీదే, తగలేసేదీ నువ్వే."

ఆమె సూదిని గుడ్డలో గుచ్చి, "ఇందులో ఏమేం కనిపిస్తాయి?" అని అడిగింది.

"ఎవరు వాడారో కనపడదమ్మా. ఎప్పుడు వాడారో, అంతే."

"అంతేనా," అంది. కాగితం మడిచి, రేపిస్తానంది. నాలుగక్షరాలు రాయడానికి రేపటిదాకా ఎందుకని మా వాడు నవ్వాడు.

ఎందుకో తర్వాత కొంత తనే చెప్పింది, మిగతాది నేను అల్లుకున్నాను. కోడలు పొద్దుటిపూట కంటి డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది. ఒంటిగంటకి వదిలితే ఒకటిన్నరకి ఇల్లు. మా వాడు ఆఫీసులో, పిల్లలు బడిలో, నేను రీడింగు రూములో చదరంగంలో నెగ్గుతూ ఉంటాను. మూడున్నర దాకా ఇంట్లో నరపురుగు ఉండదు. మొదట్లో ఆ రెండు గంటలూ ఊరందరివీను. ఆడపడుచు ఫోను చేసి, "ఖాళీగానే ఉన్నావుగా వదినా, కాస్త ఆ బ్యాంకుదాకా..." అనేది. మా వాడు, "ఎలాగూ పడుకునేదానివేగా, నా బూట్లు కుట్టించుకురా" అనేవాడు. "పూట ఉద్యోగానికి మళ్లీ పూట విశ్రాంతి కూడానా?" అని మా ఆవిడ బతికున్నన్నాళ్లూ అంటూనే ఉండేది. ఒకరోజు విసిగిపోయి, మధ్యాహ్నం ఇస్త్రీ ఉందని అబద్ధమాడింది. అంతే, ఆ రోజు ఎవరూ ఏ పనీ పురమాయించలేదు. అప్పుడామెకు తెలిసొచ్చింది, పనిలో ఉన్న ఆడదాన్ని ఇల్లు కాసేపు వదిలిపెడుతుందిగానీ ఊరికే కూర్చున్నదాన్ని వదలదని. కాని చొక్కాలు ఇస్త్రీ అయి కనపడాలి కదా. దాన్ని తెల్లవారుజాముకి జరిపింది. దాని వెనకే బట్టల మెషీను, మోటారు, రుబ్బడం, ఒక్కొక్కటే ఆ చీకట్లోకి నడిచి వెళ్లాయి. అలా నిద్ర చెల్లించి కొనుక్కున్న మధ్యాహ్నంలో ఆమె తలుపులు వేసుకుని, ముందుగదిలో చల్లటి నేల మీద వెల్లకిలా పడుకుంటుంది. నిద్రపోదు, చదవదు, ఫ్యానైనా వెయ్యదు. ఆ రెండు గంటలూ ఆమె ఎవరికీ ఏమీ కాదు.

ఇప్పుడు అదంతా గీతలుగా అచ్చు పడి వస్తుంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పడంకన్నా సంతకం తేలికనిపించి మర్నాడు పెట్టేసింది.

పది రోజులకి ఆ మనిషి బొమ్మ గీసిన కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. తెల్లవారుజామున ఒక కొండ, సాయంత్రం ఒక గుట్ట, మధ్యలో చదునైన నేల. మా వాడు కొండ మీద వేలు పెట్టి, "ఇదేంటి? ఆ టైముకి మా ఇంట్లో ఎవరూ లేవరే" అన్నాడు.

నేను లేస్తానుగా అనబోయి నాలుక్కరుచుకున్నాను. బట్టల మెషీను ఉన్నది నా తలాపి గోడకి అవతలే. లేచే ఉంటే ఏడాదిలో ఒక్కరోజైనా దాని మోత వినపడాలి కదా. సరే, దాచడమెందుకు, నేను లేచేది ఆరున్నరకి. అదీ కాఫీ వాసన వచ్చి లేపితే.

మా వాడికి మాత్రం దొంగ దొరికిపోయాడు. పక్కింట్లో రిటైరైన కండక్టరుంటాడు. ప్రహరీ గోడ విషయంలో ఇద్దరికీ ఎప్పటినుంచో పడదు. ఆయనే మన తీగకి కొక్కెం తగిలించాడని తేల్చి, మా వాడు నిచ్చెనేసుకుని మీటరు నుంచి గోడదాకా తీగంతా తడిమాడు. చేతినిండా బూజు. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, ఏం పోయింది బాబూ అని అడిగాడు.

"మీకు తెలీదా?" అన్నాడు మా వాడు. అన్న తీరుకి ఆ పెద్దమనిషి మొహం మాడిపోయింది.

కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. నోరు మెదపకపోతే ఆ రెండు గంటలూ మిగులుతాయి. కాని దొంగతనం ఒక ముసలాయన నెత్తిన పడుతుంది.

"నిచ్చెన దిగండి," అంది. "ఆ దొంగని నేనే. నాలుగున్నరకి మీ ఇస్త్రీ, ఐదింటికి మెషీను. తర్వాత మోటారు, మామయ్యగారికి వేణ్నీళ్లు."

మా వాడు దిగాడు. లోపలికి వచ్చి మళ్లీ ఆ కొండ వంక చూశాడు. పాపం, నిజంగానే బాధపడ్డాడు. తర్వాత వేలు చదునైన నేల మీదకి జరిపాడు. "ఇంత కష్టం దేనికి? మధ్యాహ్నమంతా ఖాళీయేగా. ఇక్కడికి మార్చుకో, హాయిగా పడుకోవచ్చు పొద్దున."

సోలారు మనిషి మొహం వికసించింది. "నేనూ అదే చెప్పబోతున్నా సార్. మన పలకలు దంచి పనిచేసేదే అప్పుడు."

ప్రేమగానే అన్నాడు మా వాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. తిట్టి ఉంటే ఎదురు చెప్పడం తేలికయ్యేది. ఆమె ఆ బొమ్మ వంక చూసింది. తన రెండు గంటల్ని బయటినుంచి చూడడం అదే మొదటిసారి. సన్నటి గీత. ఫ్రిజ్ ఒక్కటే ఊపిరి పీలుస్తున్నట్టుంది.

పని మొదలుపెట్టాలంటే ఇంకో కాగితం మీద ఆమె సంతకం కావాలి. అందులో 'మార్చడానికి వీలులేని వేళలు' అని ఒక గడి ఉంది. ఇంట్లో రోగులకి పెట్టే యంత్రాలు గట్రా ఉన్నవాళ్ల కోసమట. ఆమె పెన్ను తీసుకుని అందులో గుండ్రంగా రాసింది: మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా.

"ఆ టైములో ఏం చేస్తావు?" అన్నాడు మా వాడు.

"ఏమీ చెయ్యను."

"ఏమీ చెయ్యకపోవడానికి రెండు గంటలా?"

"సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో మీరు చేసేదే. నేను మధ్యాహ్నం చేస్తాను." ఇస్త్రీపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. "మీ చొక్కాలు ఆదివారం ఎండ కరెంటుతో మీరే ఇస్త్రీ చేసుకోండి. మెషీనుకి ఒకటే మీట, పదకొండింటికి మామయ్యగారు ఇంట్లోనే ఉంటారు."

ఆ మామయ్యగారెవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మా వాడు సాయం కోసం నావైపు చూస్తే నేను పైకప్పు వంక చూశాను. ఆఖరికి, "పదకొండింటికీ ఎండ బానే ఉంటుంది సార్," అన్నాడు సోలారు మనిషి. కోడలు సంతకం పెట్టింది. మా వాడు బూజు చెయ్యి కడుక్కుని, పక్కింటాయన దగ్గరికి వెళ్లొచ్చాడు.

ఇప్పుడు మేడ మీద పలకలున్నాయి. మీట నేనే నొక్కుతాను. మొదటిరోజు నా ఎర్ర తుండు తెల్లబట్టల్లో కలిపేస్తే మా వాడు వారం రోజులు గులాబీరంగు చొక్కాల్లో ఆఫీసుకెళ్లాడు. కోడలు ఆరింటిదాకా నిద్రపోతుంది. నేను చదరంగంలో రోజూ ఓడిపోయి, అయినా సరే మూడున్నర దాటకుండా ఇంటికి రాను.

చెప్పిందంతా నిజమే, ఒక్కటి తప్ప. పెద్దతాత బల్బు సంగతి కాదు, అది ముమ్మాటికీ నిజం. నేను కల్పించింది ఆ గడి. ఆ కాగితంలో అలాంటి గడి ఎక్కడా లేదు. ఇలాంటి మనిషి ఒకరుంటారని ఆ కాగితం అచ్చువేసినవాళ్లకి తోచలేదు. సంతకం చోటుకి పైన కాస్త ఖాళీ ఉంటే, పిల్లల పెట్టెలోంచి స్కేలు తెచ్చి, నాలుగు వైపులా నాలుగు గీతలు కొట్టి, ఆ గడి కోడలే గీసుకుంది.