గమేళా మీద మూడు దెబ్బలు

బర్మాలో ట్వాంటే కాలువ మీద సగం దూరం వెళ్ళాక ఒక మలుపుంది. రంగూన్ నది వైపు నుంచి ఎక్కే పోటూ, అవతల ఐరావతి వైపు నుంచి ఎక్కే పోటూ అక్కడే ఎదురుపడతాయి. కాసేపు నీళ్ళు ఎటూ కదలవు. తెల్లదొరల కాలంలో విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కూలీలు కాలువ తవ్వుతుంటే అక్కడే గట్టు విరిగి పడిందంటారు. పైనున్నవాళ్ళు మట్టి మోసే ఇనప గమేళా మీద మూడు దెబ్బలు కొడితే, మట్టి అడుగు నుంచి మూడు దెబ్బలు బదులొచ్చాయట. రెండు రోజులు వచ్చాయి. మూడో రోజు రాలేదు. ఆ మట్టి కింద ఉండిపోయినవాళ్ళలో చిన్నమ్మి తాత పోలయ్య ఒకడు.

అప్పటినుంచి ఆ మలుపు తిరిగే ప్రతి పడవా మూడు దెబ్బలు కొట్టాలి. ఎదురొచ్చే పడవకి హెచ్చరిక అదే, మట్టి లోపలున్నవాళ్ళకి పలకరింపూ అదే. అది విన్న పడవ అవతలి గట్టుకి తప్పుకుని, తిరిగి మూడు కొడుతుంది. మొగుడు పోయాక పదేళ్ళుగా కుండల పడవ నడుపుతున్న చిన్నమ్మి, కొట్టకుండా ఆ మలుపు ఎన్నడూ తిరగలేదు.

ఎనభై ఎనిమిది సెప్టెంబరులో సైన్యం గద్దెనెక్కిన మూడోనాడు, కర్ఫ్యూ సడలగానే రంగూన్ బోటాటౌంగ్ పేటలో చిన్నమ్మి పక్కగదిలో ఉండే ఎడ్విన్ రాజు, కూతురు జూలియట్‌ని తీసుకుని రేవుకి వచ్చాడు. ఆ పిల్ల సర్కారుకి ఎదురుతిరిగిన ఊరేగింపులకి కరపత్రాలు రాసింది. తనతో రాసిన ఇద్దర్నీ ముందురోజు పట్టుకుపోయారు.

“ట్వాంటేలో కుమ్మరోల్లింట్లో దించెయ్, చిన్నమ్మప్పా. ఆపైన పెబువు సూసుకుంటాడు.”

“పెబువుకి తెడ్డెయ్యడం వచ్చేటి? ఎల్లు, ఇంటికెల్లు. నువ్విలగ ఏడిస్తే పడవలో నీల్లెక్కువైపోతాయి.”

కుండల మధ్య కుక్కే గడ్డి కింద జూలియట్‌ని పడుకోబెట్టి చిన్నమ్మి తెడ్డందుకుంది. వాన మొదలైంది. మలుపు దగ్గరికొచ్చేసరికి నాలుగు బారల అవతల ఏముందో కనబడటం లేదు. ఎదర ఇంజను చప్పుడు వినిపించి, దెబ్బల కోసం చెవొగ్గినట్టు చటుక్కున ఆగిపోయింది. చిన్నమ్మి గమేళా అందుకోబోయింది.

గడ్డిలోంచి చెయ్యొచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. “అత్తా, కొట్టకు! ఆర్మీ లాంచీ అది.”

“కొట్టకపోతే ఆల్లొచ్చి మనల్ని గుద్దేస్తారే.”

“కొడితే వచ్చి గడ్డి తీస్తారు.”

రెండూ నిజమే. చిన్నమ్మి గమేళా వదిలేసి, పడవని గట్టు పక్క రెల్లులోకి నెట్టింది. తాత ముందు మొహం తిప్పుకున్నట్టుగా ఉంది ఆమెకి. నీళ్ళు ఆగిపోయాయి. వాన చప్పుడు తప్ప మరేదీ లేదు.

అప్పుడు గట్టులోంచి మూడు దెబ్బలు వినిపించాయి. ఇనుము మీద, నిదానంగా, చెయ్యి అలిసిపోయినవాడు కొట్టినట్టు.

వానలోంచి లాంచీ ముక్కు, ఉన్న ఊపు మీదే జారుతూ, బయటికొచ్చింది. టార్పాలిన్ కింద తుపాకులు పట్టుకుని సైనికులు కూర్చున్నారు. చుక్కాని పట్టిన బర్మా ముసలాయన దెబ్బలు వినగానే లాంచీని అవతలి గట్టుకి తిప్పి, పానాతో ఇనప కమ్మీ మీద మూడు కొట్టాడు. ఒక సైనికుడు ఏదో అడిగాడు. “కుండల పడవ,” అన్నాడు ముసలాయన, రెల్లు వైపు చూడకుండానే. లాంచీ దాటిపోయింది.

జూలియట్ గడ్డి తోసుకుని లేచింది. “వద్దంటే ఎందుక్కొట్టేవత్తా?”

చిన్నమ్మి గమేళా చూపించింది. అందులో అంచుదాకా వాన నీళ్ళు నిండి ఉన్నాయి. కొట్టే కర్ర దాని కిందే ఉంది.

“మరి ఎవరు...”

“ఆ రెండో తెడ్డందుకో. పెస్నలు తరవాత.”

ట్వాంటేలో కుమ్మరి ఇల్లాలు జూలియట్ చేతులకి తడిమన్ను పూసి, తన కూతుళ్ళ మధ్య వాళ్ళలో ఒకతెలా కూర్చోబెట్టింది. అది చూశాకే చిన్నమ్మి పడవ తిప్పింది.

మలుపు దగ్గర గమేళాలో నీళ్ళు ఒంపి మూడు దెబ్బలు కొట్టింది. “పిల్ల దాటేసినాది, తాతా,” అంది. బదులు రాలేదు. మళ్ళీ కొట్టి చెవొగ్గింది. పోటు దిగుతోంది, ఇప్పుడు కదలకపోతే ఇక్కడే చిక్కుకుపోతుంది. అయినా కదలలేదు. నీళ్ళు జారిపోయి పడవ బురద మీద కూర్చుంది. తరవాతి పోటు దాకా చిన్నమ్మి అడుగుచెక్క మీద అరచెయ్యి ఆనించి, కింద నుంచి వచ్చే దెబ్బ కోసం అలాగే ఉంది.