మంచుకాలపు వరుస

మా నవరూద్‌లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా ఇస్తానంటే తీసుకోకూడదు. మూడుసార్లు వద్దనాలి; నాలుగోసారి కూడా బతిమాలితే అప్పుడు, అదీ తల దించుకుని, చెయ్యి చాచాలి. రొట్టెల కొట్టువాడు "మీ దగ్గర డబ్బు తీసుకుంటానా, పట్టుకెళ్లండి" అంటాడు. నిజమేననుకుని పట్టుకెళ్లినవాడు ఇంతవరకూ మా ఊళ్లో పుట్టలేదు.

హాజ్ యదుల్లా మా మినీబస్సుల వరుసకు పెద్ద; గౌరవంగా అందరూ హాజ్ ఆగా అంటారు. సఫీద్‌చాల్ స్కీ మైదానానికి పందొమ్మిది మలుపులు. టెహ్రాన్ నుంచి వచ్చేవాళ్లు కార్లు మా ఊళ్లో వదిలి, స్కీలు భుజాన వేసుకుని, మా బండ్లెక్కుతారు. ఏ బండి ముందో, ఏ బండి వెనకో హాజ్ ఆగా చేతి కాగితమే చెబుతుంది. ప్రతి శుక్రవారం తెల్లవారగానే ఆయన నాలుగు బండ్ల ముందూ ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఒకటే మాట అంటాడు: "వరుస మీది. నేను మీ సేవకుణ్ణి." డ్రైవరు తల వంచి, "మీ నీడలో బతుకుతున్నాం హాజ్ ఆగా, మీరెలా చెబితే అలా" అంటాడు. అప్పుడాయన కాగితం విప్పి, ముందే రాసుకున్నది చదువుతాడు.

ఆ వరుసకు ఒక నియమం. పైకి తీసుకెళ్లినవాళ్లను పొద్దుగూకే లోపు కిందికి తేవాలి. తేలేని డ్రైవరుకు వసంతంలో వచ్చే నౌరూజ్ పండగ దాకా మంచుకాలపు వరుస ఉండదు. కింది దారిలో ఉల్లిపాయలూ బడిపిల్లలూ మోసుకోవలసిందే.

ఈ ఏడు ఆ వరుసలోకి తొలిసారి ఒక ఆడమనిషి వచ్చింది. ఫరంగీస్ ఖానుమ్. ఇరవై రెండు చలికాలాలు ఆ దారిలో బండి నడిపిన ఆమె భర్త రహ్మత్ కళ్లను మంచు వెలుగు కొంచెం కొంచెంగా తాగేసింది. ఇప్పుడాయనకు మనిషి నీడ తెలుస్తుంది, మొహం తెలియదు. బండి తాళం ఆమె చేతికొచ్చింది. హాజ్ ఆగా కాగితంలో ఆమె పేరు రాసి, పక్కన చిన్న చుక్క పెట్టి, "చూద్దాం" అన్నాడు.

పైన స్కీ బూట్లు అద్దెకిచ్చే పని నాది. ప్రతి శుక్రవారం ఆమె పక్కన, ఇంజను మూత మీద కూర్చుని వెళతాను.

నడి చలికాలం, బహ్మన్ నెల మూడో శుక్రవారం. పొద్దున ఆకాశం కడిగిన పింగాణీలా ఉంది. రెండు బండ్లు మంచులో జారకుండా కట్టే టైరు గొలుసులు తెగి ఊళ్లోనే ఆగిపోగా, పైకి వచ్చినవి రెండే: ఫరంగీస్ బండి, హాజ్ ఆగా అల్లుడు కియూమర్స్ బండి. మధ్యాహ్నం నమాజు వేళకు ఉత్తరాన శిఖరం మసకబారింది. గంట గడిచేసరికి లిఫ్టు తీగలు కూడా కనబడలేదు. మంచు పడటం లేదు, అడ్డంగా పరుగెడుతోంది.

కియూమర్స్ హారన్ మోగించి జనాన్ని పోగేశాడు. ఫరంగీస్ బండి ఇంకా చల్లగానే ఉంది.

"ఏం ఖానుమ్, ఇంజను వెయ్యలేదా? అది రొట్టెల పొయ్యి కాదమ్మా, డీజిల్ బండి. ఎదురుగా నిలబడి చూస్తే వేడెక్కదు!"

"నీ నాలుక వేడెక్కినంత తొందరగా ఏదీ వేడెక్కదులే నాయనా."

ఆమె చూస్తున్నది బండిని కాదు. ఏడో మలుపు మీద నిటారుగా ఒక కొండవాలు ఉంది. దాన్ని పీర్‌జన్ అంటాం, ముసలమ్మ అని. గాలి మళ్లిన సందులో దాని అంచు ఒక్క క్షణం కనబడింది. అంచు మీంచి మంచు పొడవాటి పాయలుగా లేచి ఇవతలికి వాలుతోంది. ముసలమ్మ జుట్టు విరబోసుకున్న రోజు ఆమె కింద నుంచి పోకూడదని, ఆ మంచంతా ఒక్కసారిగా దారి మీద కూలుతుందని రహ్మత్ అనేవాడు. అనేవాడు, పోయేవాడు కూడా.

ఫరంగీస్ గుప్పెడు మంచు తీసి పిసికింది. చేతిలో తడి ముద్ద అయింది: బరువెక్కి కూలే మంచు. బండి తాళం తీసి, తలగుడ్డ కొసన ముడివేసుకుంది.

"నేను దిగటం లేదు. విడిదిలో పొయ్యి ఉంది, దుప్పట్లున్నాయి. రేపు చూద్దాం."

జనం మీదపడ్డారు. అందరికంటే ముందు పళ్ల డాక్టరు ఫర్‌బుద్.

"రేపు పొద్దున తొమ్మిదికి నాకు పేషెంట్లున్నారు ఖానుమ్!"

"పన్ను ఒక రోజు ఆగుతుంది డాక్టర్ ఆగా. ఆ కొండ ఆగుతుందో లేదో నాకు తెలీదు."

"తెలీనప్పుడు ఎందుకాపుతున్నారు?"

"తెలీదు కాబట్టే."

డాక్టరూ, మరో ఇద్దరూ స్కీలు తీసుకుని కియూమర్స్ బండిలోకి మారారు. ఫరంగీస్ వెళ్లి ఆ బండి ముందు నిలబడింది.

"ఆగు కియూమర్స్. నీ వెనక పన్నెండు మంది ఉన్నారు."

"ఆగితే వరుస పోతుంది. మామగారి సంగతి తెలుసుగా. నా పేరైనా కొట్టేస్తాడు, నీ పేరైతే చెప్పక్కర్లేదు."

"తెలుసు."

"తెలిసీ ఆగుతున్నావంటే భయమని ఒప్పుకో. తప్పులేదు, ఆడవాళ్లకి శోభ."

"భయమే. నీకు లేదా? అయితే ఆ స్టీరింగు వదిలి ఇంకెవరికైనా ఇవ్వు."

అతను బండి వెనక్కి తీసి, ఆమెను చుట్టి, మంచులోకి దిగిపోయాడు. వెనక ఎర్రదీపాలు రెండు క్షణాలు వెలిగి, ఆరినట్టయ్యాయి.

విడిదిలో ఫోను పనిచేస్తోంది. ఆమె రహ్మత్‌కు చేసింది. పక్కనే ఉన్నాను; చెవిటివాడితో మాట్లాడినట్టు ఇద్దరూ అరుచుకుంటారు కాబట్టి ఆయన మాటలూ వినబడ్డాయి.

"గాలి ఎటు నుంచి?"

"సముద్రం వైపు నుంచి. వెచ్చగా ఉంది."

"ముసలమ్మ?"

"జుట్టు విరబోసింది."



"అలాంటి రోజున నేనొకసారి దిగాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని రెండోసారీ దిగాను. అలా ఇరవై రెండేళ్లు. నాకు భయం ఆ 'ఏమీ కాలేదు' అన్నదాంతోనే, ఫరంగీస్."

"వరుస పోతుంది."

"పోతే ఉల్లిపాయలు మోద్దాం. నేను తడిమి ఏరిపెడతాలే, కుళ్లినవి నాకు వాసనకే తెలుస్తాయి."

"ఉల్లిపాయలు మొయ్యను," అందామె. "వరుసా వదలను."

పొద్దుగూకే వేళకు ఫోను మళ్లీ మోగింది. కియూమర్స్ క్షేమంగా చేరాడు. ముసలమ్మ కదల్లేదు. డాక్టరు ఫర్‌బుద్ హాజ్ యదుల్లా ఇంట్లో టీ తాగుతున్నాడు. విడిదిలో మిగిలిన ఎనిమిదిమందీ ఆమె వైపు చూశారు, చూడనట్టు నటించారు.

"దేవుడి దయ," అని ఆమె గట్టిగా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో కల్ల లేదు. ఆ తరువాత ఉడికించిన చిక్కుడుగింజలు ఒక గిన్నెడు వడ్డించుకుని, గొల్పర్ పొడి చల్లుకుని, నింపాదిగా తింది.

డెబ్భై ఏళ్ల తాజీ ఖానుమ్, మా మైదానంలో అందరికంటే పెద్ద స్కీయరు, పక్కకు వచ్చి కూర్చుంది. "నువ్వు తప్పు చేశావేమో పిల్లా."

"కావచ్చు ఖానుమ్. రేపు మళ్లీ ఇలాగే ఉంటే మళ్లీ తప్పు చేస్తాను."

మరునాడు మధ్యాహ్నం మంచు తోసే యంత్రం వచ్చింది. దాని వెనకే దిగాం. ఏడో మలుపు దగ్గర అందరం తలెత్తి చూశాం. ముసలమ్మ మీద నుంచి ఒక్క గుప్పెడు కూడా రాలలేదు. ఊళ్లో ఆ వారమంతా నవ్వులు. రొట్టెల కొట్టు దగ్గర ఎవరో అడిగారట, ఫరంగీస్ ఖానుమ్ వంటింట్లోంచి కూడా యంత్రం వస్తేనే బయటికొస్తుందా అని.

తరువాతి శుక్రవారం తెల్లవారేసరికి నాలుగు బండ్లూ నిలబడి ఉన్నాయి. మూడో స్థానంలో ఆమె బండి, ఎప్పటిలాగే, తుడిచి, గొలుసులు కట్టి. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనే ధైర్యమూ చేయలేదు. ఆ పని కాగితం చేస్తుందని అందరికీ తెలుసు. ఆ కాగితంలో ఆమె పేరు లేదని కూడా తెలుసు.

హాజ్ ఆగా మొదటి బండి దగ్గర ఆగాడు, రెండో బండి దగ్గర ఆగాడు. మూడోది వచ్చింది. టెహ్రాన్‌వాళ్లు ముప్పైమంది చూస్తున్నారు. ముప్పై ఏళ్ల అలవాటు ఆయన చేతిని గుండె మీదికి ఎత్తింది.

"ఫరంగీస్ ఖానుమ్, వరుస మీది. నేను మీ సేవకుణ్ణి."

ఆమె తల వంచలేదు.

"తీసుకున్నాను హాజ్ ఆగా. సంతోషం."

కియూమర్స్ పళ్ల మధ్య పట్టుకున్న చక్కెర ముక్క జారి టీలో పడింది. మా ఊళ్లో అటువంటి మాట ఎవరి చెవినా పడి ఉండదు. హాజ్ ఆగా చెయ్యి గుండె మీదే ఉండిపోయింది.

"ఖానుమ్... అది మర్యాదకన్న మాట."

"నేనూ మర్యాదగానే తీసుకుంటున్నాను. రహ్మత్‌తో ఇరవై రెండేళ్లు ఇదే మాటన్నారు. ఆయన ఒక్కసారీ తీసుకోలేదు. మీరెప్పుడంటే అప్పుడెక్కాడు, మీరెప్పుడంటే అప్పుడు దిగాడు. ఇవాళ మీరు నాకిచ్చారు. ఇంతమంది విన్నారు."

"నియమం ఉందమ్మా. పొద్దుగూకే లోపు..."

"ఉంది. నేను తప్పాను." ఆమె జనం వైపు తిరిగింది. "మళ్లీ తప్పుతాను, అది తెలిసే ఎక్కండి. ముసలమ్మ జుట్టు విప్పితే నా బండి కదలదు, రాత్రి పైనే. సాయంత్రానికి ఇంట్లో ఉండి తీరాలంటే కియూమర్స్ బండి ఉంది. బాగా నడుపుతాడు, అబద్ధం చెప్పను."

డాక్టరు ఫర్‌బుద్ కియూమర్స్ బండెక్కి, కిటికీలోంచి మర్యాదగా చెయ్యి ఊపాడు. చాలామంది ఆయన వెనకే పోయారు. తాజీ ఖానుమ్ తన పాత స్కీలు ఫరంగీస్ బండి మెట్టు మీద ఠంగుమనిపించింది.

"జరగండయ్యా. నాకు ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లెవరూ లేరు, పిల్లి తప్ప. దానికి రెండురోజుల తిండి పెట్టే వచ్చాను."

ఎవరో నవ్వారు. ఒక జంట ఎక్కింది. ఆ తరువాత చంటిపిల్లతో ఉన్న ఒక తండ్రి, శిఖరం వైపు ఒకసారి చూసి, ఎక్కాడు. అంతా కలిసి ఐదుగురు, నాతో ఆరుగురు. ఇరవై ఒక్క సీట్ల బండి.

దారికి అడ్డంగా కట్టిన తాడు ప్రతి బండికీ హాజ్ ఆగాయే ఎత్తాలి. పదిమందిలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం కూడా మా మర్యాద కాదు. ఆయన కాగితాన్ని మడిచాడు, ఇంకోసారి మడిచాడు, జేబులో పెట్టాడు. మొదటి బండి పోయింది, రెండోది పోయింది. మా వంతు వచ్చింది. ఆయన ఆమె మొహం చూడకుండా తాడు పైకెత్తాడు.

ఫరంగీస్ గేరు వేసింది.

"తలుపు గట్టిగా లాగు సూదాబె," అంది నాతో. "గాలొస్తోంది."