సముద్రం ఎలాగున్నాది మావా?

సున్నా నుంచి పదిలోపు నొప్పి ఎంత అని నర్సు రాణి అడిగినప్పుడల్లా గంగరాజు సున్నా అనేవాడు. పేగుకు చిల్లుపడితే పొట్ట నిలువునా కోసి కుట్టి, విజయనగరం ఆసుపత్రి ఐసీయూలో పడుకోబెట్టిన మనిషికి సున్నా ఏమిటి! అంటూనే దుప్పటి అంచు పిడికిట్లో నలిపేసేవాడు.

పాపం, అతని లెక్క అతనిది. భోగాపురం వైపు ఒడ్డున అతను తండేలు. పడవ నడిపేవాడే మూలిగితే మిగతావాళ్లకు గుండె జారిపోతుంది. గాలం అరచేతిలో దిగబడినా ఏమీ కాలేదు, వల లాగండి అన్న మనిషి. ఇప్పుడు నొప్పని నోరు తెరుస్తాడా?

ఊపిరి మాత్రం అతని మాట వినలేదు. పొట్ట కదిలితే ప్రాణం పోతోంది కాబట్టి పైపైనే పీల్చేవాడు, దగ్గొస్తే మింగేసేవాడు. ఛాతీలో కఫం పేరుకుంటోందనీ, సాయంత్రంలోగా దగ్గి బయటకు తేకపోతే గొంతులోకి మళ్లీ గొట్టం దించాల్సి రావచ్చనీ డాక్టరు చెప్పి వెళ్లాడు. గంగరాజుకు చావంటే లేని భయం ఆ గొట్టమంటే ఉంది. ఆపరేషన్ తరువాత అది ఉన్నంతసేపూ ఒక్క మాట ఆడలేకపోయాడు మరి. అయినా రాణి అడిగితే మళ్లీ సున్నాయే. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా?

మధ్యాహ్నం చూడ్డానికొచ్చిన భార్య తవిటమ్మ దగ్గర రాణి గోడు వెళ్లబోసుకుంది. ముఖం చూసి నొప్పికి మందిస్తూనే ఉన్నారు గానీ, అది సరిపోతోందో లేదో ఆ నోటితో చెబితే కదా. తవిటమ్మ నవ్వేసింది.

"ఆయన గురించి ఆయన్నడిగితే అబద్దమే ఆడతాడమ్మా. సముద్రం గురించి అడుగు. దాని మీద మాత్రం ఆడడు. ఆడితే మడుసులు పోతారు."

రాణిది రామతీర్థం దగ్గర వరి పండించే ఇల్లు. సముద్రం సంగతి ఆమెకేం తెలుసు? అయినా మంచం పక్కకొచ్చి వంగింది.

"మావా, నీ పొట్టలో సముద్రం ఎలాగున్నాది? పడవ దింపొచ్చా?"

నోటిదాకా వచ్చిన సున్నా అక్కడే ఆగిపోయింది. దింపొచ్చని ఎలా అంటాడు? గంగరాజు కళ్లు మూసుకున్నాడు.

"దింపకూడదమ్మా. కెరటం మీద కెరటం ఇరుగుతన్నాది. ఈ పూట ఎవుడూ ఎల్లకూడదు."

రాణి వెళ్లి డాక్టరుకు చెప్పింది. మందు పెంచారు. కాసేపాగి అడిగితే, అల తగ్గింది గానీ ఒడ్డు దాటడం కష్టమన్నాడు. ఇంకొంచెం సర్దారు. ఆ తరువాత ఆమె అడక్కముందే, ఇప్పుడు దింపొచ్చని తనే కబురు చెప్పాడు.

కుట్లు అదరకుండా దిండొకటి పొట్టకు అదిమి పట్టుకోమంది రాణి. గంగరాజు నిండా ఊపిరి పీల్చి, వార్డంతా ఉలిక్కిపడేలా దగ్గాడు. కఫం తెగిపడింది. దగ్గిన ప్రతిసారీ పెద్ద చేప పడ్డట్టు మురిసిపోయాడు. సాయంత్రం డాక్టరు ఛాతీ పరీక్షించి, గొట్టం అవసరం లేదన్నాడు.

మర్నాడు తవిటమ్మ వస్తూనే, జవాబు తెలిసిందేలే అన్నట్టు, నొప్పుందా అని అడిగింది. గంగరాజు ఒకసారి రాణి వైపు చూశాడు. తరువాత పెళ్లాం చెయ్యి పట్టుకుని, కొంచెం ఉందన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదలు. సంతోషం పట్టలేక కళ్లనీళ్లతోనే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు అతనికీ అంటుకుంది. దిండు పొట్టకు హత్తుకుని బతిమాలాడు.

"నవ్వించకే తవిటీ, నొప్పెడతాది."