ఇరవై మూడు పందులు, ఒక తలుపు

మా వాగు పక్క పొలంలో జింకల కోసం పోసే మొక్కజొన్న జింకలు తిని రెండేళ్ళయింది. తినేవి అడవి పందులు. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన డ్రమ్ము పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గింజలు చిమ్ముతుంది. ఆ చప్పుడు వినగానే పందులు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పరిగెత్తే బడిపిల్లల్లా ఉరికి వస్తాయి. జింకలు ఓక్ చెట్ల అంచున నిలబడి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోతాయి.

ఆ పొలాన్ని ఏటా వేటకు కౌలుకు తీసుకునేది హ్యూస్టన్ నుంచి వచ్చే పెల్హమ్ గారు, ఆయన బావమరిది డ్వేన్. పోయిన ఏడాది నెల పొడుగునా మంచె మీద కూర్చుని ఒక్క కొమ్ముల జింకనూ చూడలేదు. నవంబరు మొదటి శనివారం వేట మొదలవుతుంది. ఈసారి ఆ రోజుకి పందులు పోకపోతే కౌలు వదిలేస్తామని చెప్పేశారు. కౌలు పోతే ఆ పొలం అమ్మక తప్పదన్నాడు నాన్న. ఆ మాట అన్న రోజు ఆయన బంగాళాదుంపల మీద ఉప్పు రెండుసార్లు చల్లుకుని, ఏమీ తెలియనట్టు తినేశాడు.

అందుకే పందుల్ని పట్టే దొడ్డి కట్టాం. గుండ్రంగా ఇనుప కంచె, పైకెత్తి ఉంచిన తలుపు, పక్క చెట్టుకు కెమెరా. కెమెరా చూసేదంతా నా ఫోనులో కనిపిస్తుంది. ఫోనులో నొక్కితే తలుపు పడుతుంది. ఈ పని నాకు అప్పగించారు. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను, గంటల కొద్దీ ఒకచోట కూర్చోగలను. "మన మార్లిస్‌కి నోరు లేదు గానీ కళ్ళున్నాయి," అంటుంది నాయనమ్మ.

దొడ్డికి ఉన్నది ఒకటే నియమం. మంద మొత్తం లోపలికి వచ్చేదాకా తలుపు పడకూడదు. సగాన్ని పడితే మిగతా సగం చదువుకున్న పందులవుతాయి. ఇక జన్మలో దొడ్డి గడప తొక్కవు. ఏడాది తిరక్కుండా ఆ సగమే మళ్ళీ మందవుతుంది.

మూడు వారాలు రోజూ మొక్కజొన్న మోశాను. మొదట దొడ్డి బయట పోశాను, తర్వాత గడప దగ్గర, తర్వాత లోపల. వేటకి వారం ముందు శుక్రవారం నాటికి ఇరవై మూడింటిలో ఇరవై రెండు లోపలికి వచ్చాయి. ఎడమ చెవి తెగిన ముసలి ఆడపంది ఒక్కటే గడప దగ్గర నిలబడి గాలి వాసన చూస్తోంది.

"నొక్కెయ్యవే," అన్నాడు నాన్న నా భుజం మీద నుంచి చూస్తూ. "ఇరవై రెండు చాలవా?"

"అదే వీటన్నిటికీ అమ్మ నాన్నా. అది బయటుంటే మళ్ళీ మొదటికొస్తాం."

"చూడమ్మా, నీ మనవరాలు పందులకి వంశవృక్షం రాస్తోంది," అని నాయనమ్మతో అన్నాడు. కానీ నేను నొక్కలేదు. ఇంకో రెండు రోజులు ఆగితే అదీ వస్తుంది. నాకు తెలుసు.

రెండు రోజులు ఎవరు ఆగనిచ్చారు? మర్నాడు సాయంత్రం పెల్హమ్ గారు డ్రమ్ములో గింజలు నింపడానికి వచ్చారు. దొడ్డి సంగతి ఆయనకి తెలుసు. కాల్చవద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. మా వైపు ఎదురొచ్చిన మనిషిని చెయ్యెత్తి పలకరించకపోవడం ఎంత వింతో, ఎదురొచ్చిన పందికి తుపాకీ ఎత్తకపోవడం అంత వింత.

తుపాకీ చప్పుడు వంటింట్లోకి వినిపించింది. పావుగంటకి ఆయన ట్రక్కు వాకిట్లో ఆగింది. వెనకాల చిన్న మగ పంది ఒకటి పడి ఉంది.

"ఆల్విన్! ఒకటి తగ్గించానోయ్!" అని నాన్నని కేకేశారు. పెళ్ళికి కానుక తెచ్చినవాడి మొహం.

నాన్న నావైపు చూశాడు. నేను నా బూట్లవైపు చూశాను. గదిలోకి వెళ్ళి డైరీలో ఆయన గురించి రెండు పేజీలు రాశాను. చర్చి ఫాదర్‌కి చూపించే రాత కాదు.

ఆదివారం ఒక్క పందీ లేదు. సోమవారం లేదు. మంగళవారం కాకులు వచ్చి గింజలు తిన్నాయి. బుధవారం తొమ్మిది వచ్చాయి, లోపలికి అడుగు పెట్టినవి నాలుగు. ఆ రోజే పెల్హమ్ గారి నుంచి నాన్నకి కబురు: "శనివారానికి శుభ్రంగా ఉంటుందా, లేదా?" నాకు నవ్వు రాలేదు. కూర్చున్న కొమ్మ నరుక్కుంటూ, చెట్టు ఊగుతోందేమిటని అడిగే మనిషిని ఏం చెయ్యాలి?

శుక్రవారం పొద్దున ఇరవై రెండూ వచ్చాయి. పందొమ్మిది లోపలికి వెళ్ళాయి. ఇంకొక్క ఉదయం తుపాకీ మోగకుండా ఉంటే చాలు. కానీ ఆ ఉదయం వేట మొదటి రోజు.

"మొదటి రోజు మంచె ఎక్కొద్దని చెప్పడమా?" నాన్న తల పట్టుకున్నాడు. "క్రిస్మస్ నాడు చర్చికి వెళ్ళొద్దన్నట్టే. నా వల్ల కాదు తల్లీ. దొడ్డి నీది, నువ్వే అడుగు."

పెల్హమ్ గారు, డ్వేన్ వేటకి ముందురోజే వచ్చి పొలంలో దిగారు. మధ్యాహ్నం వాళ్ళ బస దగ్గరికి నడిచి వెళ్ళాను. డ్వేన్ పొయ్యి మీద సాసేజీలు కాలుస్తున్నాడు. పెల్హమ్ గారు తుపాకీ తుడుస్తున్నారు. నేను నిలబడ్డాను.

"ఏమ్మా, ఉప్పు కావాలా?" అన్నాడు డ్వేన్.

ఫోను చాపాను. అందులో గడిచిన శుక్రవారం ఫొటో, ఈ శుక్రవారం ఫొటో ఉన్నాయి.

"అప్పుడు ఇరవై రెండు లోపల ఉన్నాయండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మీరు ఒకటి కాల్చారు. దాంతో వారం పోయింది. రేపు పొద్దున మీరు మంచె ఎక్కకూడదు."

"ఎక్కకూడదా?" పెల్హమ్ గారు గుడ్డ కింద పెట్టారు. "నలభై ఏళ్ళలో ఒక్క మొదటి రోజు తప్పలేదు నేను. మా ఆవిడ కానుపు నాడు కూడా..."

"ఆ సంగతి అక్క ఇప్పటికీ మర్చిపోలేదు బావా," అన్నాడు డ్వేన్.

"నువ్వు సాసేజీ తిప్పు."

"తిప్పుతా గానీ, పిల్ల చెప్పింది నిజమే. పోయిన ఏడు నువ్వు చూసిన కొమ్ములు నా సైకిలు హ్యాండిలువే."

పెల్హమ్ గారు రెండు ఫొటోల్నీ మార్చి మార్చి చూశారు. "ఎనిమిదింటి దాకా," అన్నారు చివరికి. "ఎనిమిది దాటిందా, నేను మంచె మీద ఉంటా."

శనివారం పొద్దున ఇద్దరూ మా వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. ఒళ్ళంతా వేట బట్టలు, కాళ్ళకి నాయనమ్మ ఇచ్చిన ఉన్ని చెప్పులు. నాయనమ్మ నేరేడు రంగు జామ్ పెట్టిన కొలాచీ బన్నులు వడ్డిస్తోంది. దూరంగా పక్క పొలాల్లో తుపాకులు మోగినప్పుడల్లా పెల్హమ్ గారు పంటి నొప్పి వచ్చినట్టు మొహం పెట్టారు.

ఏడున్నరకి పదిహేను. ఏడు నలభైకి పందొమ్మిది. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ, ఇరవై ఒకటి. ముసలిది గడప దగ్గరే ఉంది.

"నొక్కమ్మా!" అన్నారు పెల్హమ్ గారు.

"వద్దు."

"ఇరవై ఒకటి! ఆల్విన్, చెప్పవయ్యా నీ కూతురికి!"

నాన్న కాఫీ కప్పులోకి చూస్తూ, "దొడ్డి దానిది," అన్నాడు.

ముసలిది మూతి లోపల పెట్టి, వెనక్కి లాక్కుంది. తిరిగి వెళ్ళిపోయింది. కెమెరాలో కనిపించలేదు. పెల్హమ్ గారు కుర్చీ వెనక్కి తోసి బూట్లు వెతకడం మొదలుపెట్టారు. గడియారం ఎనిమిది కొట్టింది.

"టైమైపోయింది."

"కూర్చోండి!" అన్నాను. అరిచాను అనాలి. నాయనమ్మ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. ఒక బూటు తొడుక్కున్న పెల్హమ్ గారు కూర్చున్నారు.

ఎనిమిదీ నాలుగుకి ముసలిది రెండో వైపు నుంచి వచ్చింది. ఆగింది. వాసన చూసింది. పిల్లలు మొత్తం మేస్తుంటే తనొక్కతే ఆకలితో ఎంతసేపు నిలబడుతుంది? లోపలికి నడిచింది. తోక కూడా గడప దాటేదాకా ఆగి, నొక్కాను.

పదింటికల్లా పందులు కొనేవాళ్ళ ట్రైలరు వచ్చి వాటిని ఎక్కించుకుంది. పెల్హమ్ గారు కంచె పట్టుకుని ఒక్కొక్కదాన్నీ వేలితో లెక్కపెట్టారు. రెండుసార్లు.

వచ్చే ఏడాది కౌలు కాగితం నాన్న ట్రక్కు బానెట్ మీదే రాశాడు. కింద నేను ఒక వాక్యం చేర్చమన్నాను. నాన్న చేర్చాడు. పెల్హమ్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"'మార్లిస్‌ని అడగకుండా ఈ పొలంలో పందిని కాల్చరాదు.' ఇదేం అన్యాయం! నేను కౌలు కట్టే నేల మీద పందిని కాల్చడానికి పదిహేనేళ్ళ పిల్లని పర్మిషన్ అడగాలా?"

"సంతకం పెట్టు బావా, చలేస్తోంది," అన్నాడు డ్వేన్.

గొణుక్కుంటూనే పెట్టారు. పెన్ను నాన్నకి ఇచ్చి నా వైపు తిరిగారు. "అడిగితే సరేనంటావా?"

"అడగండి," అన్నాను. "చాలాసార్లు వద్దనే అంటాను."