తాగని టీ మరక

సత్తుపల్లిలో చెంచురామయ్య ఇంట్లో పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ, ఒక గ్లాసు పాలు వంటింట్లోంచి బయటికొచ్చేవి. పాలు అల్లుడికి. జయప్రకాశ్ ఆ గ్లాసు అందుకుని వరండాలో ఒక మూల కూర్చుని తాగేవాడు. ఆ తర్వాత ఇడ్లీ, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం పసుపు వేయని పప్పు, పెరుగన్నం. అత్తగారు పద్మావతమ్మ అతనికోసం వేరే చిన్న గిన్నెలో వండేది. చింతపండు పులుసు, ఆవకాయ, గోంగూర అతని కంచం దాకా వచ్చేవి కావు.

ఇదంతా అతని పళ్ల కోసం. పై వరసలో ముందున్న ఆరు పళ్లకు పల్చటి పింగాణీ పెంకులు అతికించి ఉన్నాయి. డాక్టర్లు వాటిని వెనీర్లు అంటారు.

మూడేళ్ల కిందట జయప్రకాశ్ చర్ల దగ్గర ఒక అడవి పల్లెలో లెక్కల మాస్టారు. కాంట్రాక్టు ఉద్యోగం. పెళ్లై ఆర్నెల్లు. ఒకరోజు వానలో కల్వర్టు మీద బండి జారి పడ్డాడు. కూతురినీ అల్లుడినీ చూడటానికి కారులో వస్తున్న చెంచురామయ్యకే అతను మొదట కనిపించాడు. నోరంతా రక్తం. అతన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని భద్రాచలం దవాఖానా దాకా తెచ్చాడు. ప్రాణానికి ప్రమాదం లేదని చెప్పగానే ఆయన అన్న మొదటి మాట, "ఇంక ఆ అడవి మొహం చూసేది లేదు అల్లుడుగారూ."

అన్నట్టే చేశాడు. ఖమ్మంలో మంచి డాక్టరు దగ్గర పళ్లు కట్టించాడు. తన ఫంక్షన్ హాలు చూసుకునే పని అప్పగించాడు. ఇంట్లోనే మేడమీద గది ఇచ్చాడు. హాలు ముందు నిలువెత్తు ఫ్లెక్సీలో జయప్రకాశ్ చేతులు జోడించి నవ్వుతూ ఉండేవాడు. కింద అసలు జయప్రకాశ్ తెల్ల చొక్కా వేసుకుని, పెళ్లివాళ్లకు అదే నవ్వు నవ్వుతూ నిలబడేవాడు. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి కూడా అతనికి వీలు దొరకలేదు.

మొదటి మరక మాఘమాసం పెళ్లిళ్లప్పుడు కనిపించింది. ఫ్లెక్సీ కోసం కొత్త ఫొటో తీస్తున్నవాడు కెమెరా దించి, "సార్, పళ్లు కొంచెం తుడుచుకోండి" అన్నాడు. రెండు పళ్ల అంచుల దగ్గర చిక్కటి టీ రంగు.

"బయట టీ తాగుతున్నారా అల్లుడుగారూ?" అని చెంచురామయ్య నెమ్మదిగానే అడిగాడు.

"తాగలే మామయ్యా. రెండేండ్లయింది తాగక."

ఆయన నమ్మలేదు. పద్మావతమ్మ ఉప్పు, బొగ్గుపొడి కలిపి ఇచ్చింది. వారం రోజులు రుద్దాడు. మరక తగ్గకపోగా పింగాణీ మీద సన్నటి గీతలు పడ్డాయి. అప్పుడు ఖమ్మం తీసుకెళ్లారు.

డాక్టర్ ఆతియా అతని నోట్లోకి లైటు వేసి చూసి, ముందు బొగ్గుపొడి సంగతి పట్టుకుంది. "గిట్ల ఎవరు రుద్దమన్నరు? పింగాణీకి రంగు అంత జల్దీ పట్టదు. గీతలు పడ్డయంటే మాత్రం మరక ఆ గీతల్లో కూర్చుంటది. మెత్తటి బ్రష్, గరుకు లేని పేస్టు, అంతే. తెల్లబడే మందులు అసలే వద్దు, అవి పెంకు మీద పనిచేయవు." తర్వాత మరకను సన్నటి సూదితో తాకి చూసి అడిగింది. "నువ్వు చాయ్ తాగలేదు కదా?"

"లేదు మేడం."

"తాగాలని ఉందా?"

అతను మామగారి వైపు చూశాడు. "హాలు ముందర బండోడు అల్లం దంచుతడు మేడం. ఆ వాసన వస్తే ఉంటది."

ఆతియా తలూపి చెంచురామయ్య వైపు తిరిగింది. "కొందరికి ఏది తింటే దాని రంగు అంటుతది. కొందరికి ఏది కావాలనుకుంటే దాని రంగు అంటుతది. ఈయన రెండో రకం. ఏడాదికి ఇద్దరు ముగ్గురు వస్తరు నా దగ్గరికి."

షుగరో బీపీయో ఉందని చెబితే విన్నట్టే విన్నాడు చెంచురామయ్య. "మందేంటమ్మా?"

"చాయ్ తాగనియ్యండి. తాగినంక నీళ్లతో పుక్కిలిస్తే చాలు. ఆరు నెలలకోసారి వస్తే పాలిష్ చేస్త. తాగితే పడే మరక పైపైన ఉంటది, పోతది. కోరిక మరక మొండిది."

చెంచురామయ్య అల్లుడి పళ్ల వైపు చూశాడు. "పూటకి వెయ్యిమంది చూసే నోరమ్మా. తాగి ఒక మరక, కడిగి ఇంకో తంటా ఎందుకు? అసలు కోరుకోకుండా ఉంటే సరిపోతుంది కదా. ఏమంటారు అల్లుడుగారూ?"

"అట్లనే మామయ్యా" అన్నాడు జయప్రకాశ్.

లెక్కల మనిషి కాబట్టి దానికీ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. అల్లం వాసన వస్తే ఒకటి నుంచి వర్గాలు చెప్పుకునేవాడు. ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు. మొదట్లో తొమ్మిది వందలు దాటితే గానీ కోరిక పోయేది కాదు. గోంగూర తాలింపు వేసిన రోజున పళ్లు ఆకుపచ్చ తిరిగితే గదిలోనే ఉండిపోయేవాడు. రెండు నెలలకు నలభై తొమ్మిది దగ్గరే ఆపగలిగాడు. పళ్లు గోడకు కొత్తగా వేసిన సున్నంలా తెల్లబడ్డాయి. చెంచురామయ్య సంతోషించాడు.

భార్య లిఖితకు మాత్రం భయం వేసింది. భర్తకు తోడుగా తనూ టీ కాఫీలు మానేసిన మనిషి ఆమె. ఏ చొక్కా తీయమంటారంటే "ఏదైనా" అనేవాడు. సినిమాకు పోదామా అంటే "నీ ఇష్టం" అనేవాడు. ఒకరోజు ఆమె కావాలనే ఉప్పు లేని కూర వడ్డించింది. మారు మాట్లాడకుండా తినేసి, చెయ్యి కడుక్కుని హాలుకు వెళ్లిపోయాడు.

మే నెల చివర్లో చర్ల దగ్గరి పాత బడి హెడ్మాస్టరు రూప్‌సింగ్ ఫోన్ చేశాడు. "సార్, మళ్ల లెక్కల పోస్టు ఖాళీ అయింది. మీ తర్వాత ముగ్గురొచ్చిన్రు, ముగ్గురూ పోయిన్రు. పదో తరగతిల ఇరవై ఇద్దరున్నరు. మీరొస్తరా?"

"రాలేను సార్. ఇక్కడ పనుంది" అన్నాడు జయప్రకాశ్. ఫోన్ పెట్టేశాక వర్గాలు మొదలుపెట్టాడు. హాల్లో భోజనాలు అయ్యేసరికి పదివేలు దాటాయి. అయినా ఆగలేదు.

మర్నాడు ఆరు పళ్లూ రంగు మారాయి. ముదురు ఆకుపచ్చ. గోంగూర రంగు కాదు, తినే దేని రంగూ కాదు. రెండో ఫంక్షన్ హాలు ప్రారంభం పదిరోజుల్లో ఉంది. చెంచురామయ్య ఆ రోజే కారు తీయించాడు. లిఖిత కూడా ఎక్కింది.

ఆతియా చాలాసేపు చూసింది. "ఇది పాలిష్‌తో పోదు. పెంకు కింద, అతుకులోకి దిగింది. ఆరూ తీసేసి కొత్తవి వేయాలి."

"వేయండి" అన్నాడు చెంచురామయ్య.

"తీసిన ప్రతిసారీ లోపలి అసలు పన్ను కొంచెం అరుగుతది. ఈయనవి ముందే విరిగిన పళ్లు. ఒక్కసారి తట్టుకుంటయి. ఈ కోరిక ఉంటే రంగు మళ్లొస్తది, మళ్ల తీస్తే పన్నే మిగలదు." ఆమె కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంది. "అయినా పేషెంటు చెప్పాలె. ఏం కావాలె నీకు?"

జయప్రకాశ్ నోరు తెరిచాడు. ఏది కావాలో చెప్పడం అతను మర్చిపోయాడు. అలవాటుకొద్దీ "మీ ఇష్టం మేడం" అన్నాడు.

లిఖిత దగ్గరికొచ్చి, డాక్టరు చేతిలోంచి చిన్న అద్దం తీసుకుని అతని పళ్లు చూసింది. "నాన్నా, ఇది ఆయన బడి బోర్డు రంగు" అంది. "పెళ్లైన కొత్తలో చూపించారు నాకు. సెలవుల్లో తనే రంగు డబ్బా కొని వేసుకున్న బోర్డు."

జయప్రకాశ్ కళ్లు తుడుచుకుని లేచి కూర్చున్నాడు.

"నాకు బడికి పోవాలనుంది మామయ్యా" అన్నాడు.

చెంచురామయ్య చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. "ఆ రోజు ఈ చేతులకంటిన రక్తం భద్రాచలంలో ఎంత కడిగినా పోలేదు" అన్నాడు చివరికి. "మీరు కళ్లెదురుగా ఉంటే చాలనుకున్నాను. అంతే."

"తెలుసు మామయ్యా. అందుకే ఇన్ని రోజులు చెప్పలే."

"నేనూ వెళ్తాను నాన్నా" అంది లిఖిత. "చర్లలో కిరాయికి గది చూసుకుంటాం."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్లొచ్చాడు. "వానాకాలంలో బండెక్కకూడదు. బస్సే" అన్నాడు.

ఆతియా ఆ రోజు పెంకులు తీయలేదు. పాలిష్ కూడా చేయలేదు. రెండు వారాలాగి చూద్దామని పంపించేసింది.

బళ్లు తెరిచిన రోజు చెంచురామయ్యే కారులో దింపాడు. పర్ణశాల దారి దాటాక వేగం బాగా తగ్గించాడు. కల్వర్టు దగ్గర కారు ఆపి, దిగి, అటు చివరి దాకా నడిచి చూసి వచ్చి, మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. బడి గేటు లోపలికి మాత్రం రాలేదు.

జయప్రకాశ్ రెండు పీరియడ్లు చెప్పేసరికి పళ్ల మీది ఆకుపచ్చ వెలిసిపోయింది. ఇంటర్వెల్లో వంటమనిషి సరళ అందరు సార్లకూ ఇచ్చినట్టే అతనికీ స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. అతను ఊదుకుంటూ, అడుగున చక్కెర తగిలే దాకా తాగాడు. గంట కొట్టగానే క్లాసుకు వచ్చి లెక్క సగం చెప్పాడో లేదో, ముందు వరసలో జ్యోత్స్న అనే పిల్ల లేచి నిలబడింది.

"సార్, మీ పంటి మీద మరకుంది."

అతని చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. "ఏం రంగు?"

"చాయ్ రంగు సార్."

అతను బయటికి వెళ్లి, బోరింగు దగ్గర దోసిలి నిండా నీళ్లు పట్టి పుక్కిలించి, తిరిగొచ్చి ఆ పిల్ల ముందు వంగి పళ్లు చూపించాడు. "ఇప్పుడు?"

"పోయింది సార్. తెల్లగున్నయి."

"కూర్చో" అని చెప్పి, సుద్దముక్క తీసుకుని ఆపిన చోటి నుంచి లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.